మైనం పోసిన కొలత

ఈ పొద్దు మా ఇంట్లో చాయ్ చేదెక్కింది. కోడలు ఎప్పటిలాగే బొటనవేలంత ఇత్తడి గిన్నెతో కొలిచే చాయ్‌పత్తా వేసింది. తప్పెక్కడ జరిగిందో ఆమెకు అంతుబట్టలేదు, పాపం. వంటింట్లోకి పోయి చూశాక నాకు తెలిసింది. గిన్నె తళతళలాడాలని రాత్రి దాన్ని మరిగే చింతపండు నీళ్ళలో వేసిందట. అడుగున ఇన్నేళ్ళుగా అంటుకుని ఉన్న మైనం కరిగి, చల్లారి, తెల్లటి బిళ్ళలా ఆ నీళ్ళ మీద తేలుతోంది. ఆ మైనం పోసింది మా అత్తమ్మ. ఆ గిన్నె మొదట చాయ్‌పత్తాది కాదు, మామ తుపాకి మందు కొలిచేది.

నేను కాపురానికి వచ్చేనాటికి వీపనగండ్ల దగ్గరి మా పల్లి చేనుకు అడవిపందుల బెడద. మామకు లైసెన్సు తుపాకి ఉండేది. చిన్న రవ్వలు పంది తోలును ఏమీ చెయ్యవని, తూటాకు ఒక్కటే సీసపు గుండు పెట్టి ఇంట్లోనే కట్టేవాళ్ళు. ధరూర్ వైపు కృష్ణలో చేపలు పట్టేవాళ్ళ దగ్గర వలలకు కట్టే పాత సీసం తెచ్చి, ఇనుప గరిటెలో కరిగించి అచ్చు పోసేవాళ్ళు. ఒకసారి పేల్చిన తూటా ఇత్తడి గొట్టంలో మందు, దానిపై అట్టబిళ్ళ, పాత చీర పేలిక, ఆపైన గుండు, మూతికి మళ్ళీ బిళ్ళ. మందు డబ్బాను దూరంగా అరుగు మీదికి పంపాకే అత్తమ్మ కొవ్వొత్తి వెలిగించి మూతులకు మైనం పెట్టేది. బిళ్ళల కోసం మా పెళ్ళి శుభలేఖలు మిగిలినవన్నీ కత్తిరించారు. మా ఆయన పేరూ నా పేరూ ఎన్ని పందుల వెంట పడ్డాయో!

మామ ఒకసారి మంచె మీదినుంచి పడి కుడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది గాని వేళ్ళు వణికేవి. దాంతో తూటాలు కట్టే పని అత్తమ్మకు వచ్చింది. తుపాకి గట్టిగా వెనక్కి తన్నితే ఎముక మళ్ళీ విరుగుతుందని, ఇక ఆ చెయ్యి పనికిరాదని వనపర్తి దవాఖానలో చెప్పారు. మామ వింటేనా! పంట పోతే ఏం తింటామని ఆయన, చెయ్యి పోతే ఎవరు దున్నుతారని ఆమె. ఇద్దరి మధ్యా మాటలు మోయలేక నేను చచ్చాను. మందు తక్కువ వేద్దామంటే ఆయన ఎదురుగా కూచుని ప్రతి కొలతా చూసేవాడు. ఆయన లేని ఒక మధ్యాహ్నం అత్తమ్మ ఆ గిన్నె అడుగున మైనం చుక్కలు పోసింది. ఇక గిన్నె నిండుగానే కనబడుతుంది, మందు మాత్రం తక్కువ పడుతుంది.

"మామతోటి అనకు బిడ్డా. మనం జెప్తే ఇనడు" అంది.

ఆ తర్వాత గుండు పంది దాకా పోకముందే అలిసిపోయేది. పందులు చప్పుడుకు ఉరికేవి, మళ్ళీ వచ్చేవి. చాయ్ హోటల్ దగ్గర జనం, ముసలాయన గురి పోయిందని నవ్వారు. మామ కూడా నవ్వేసి, చూపు ఆనడం లేదని ఒప్పుకునేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో గురికి పేరుపడ్డ మనిషి. ఆ మాట నా చెవిన పడ్డప్పుడల్లా ప్రాణం చివుక్కుమనేది.

మరుసటి పంటకు అత్తమ్మ నా ఆడబిడ్డ కాన్పు కోసం అచ్చంపేట పోయింది. పందులు చేన్లో దిగాయి. మామ గొట్టాలూ డబ్బా నా ముందు పెట్టాడు. చేను పోతోందన్న బాధ, ఊళ్ళో ఎగతాళి, రెండూ ఓర్వలేక, ఆయన అటు తిరిగినప్పుడు పిన్నీసుతో గిన్నెలోని మైనం గీకబోయాను. మామ చూసి గిన్నె నా చేతిలోంచి తీసుకున్నాడు.

"ఉండనియ్యి బిడ్డా. మొదటి దెబ్బకే ఎర్కయింది. తుపాకి ఎంత తన్నుతదో భుజానికి తెల్వదా?"

మరి ఊళ్ళో ఆ మాటలెందుకు పడుతున్నారని అడిగాను.

"గురి పోయిందనుకుంటే అనుకోనీ. నేను గీ మైనాన్ని గీకేస్తే మీ అత్తకు కంటికి నిద్రుండదు. నాకు తెలిసిందని ఆమెకు జెప్పకు."

ఆ ఏడు సగం చేను పందుల పాలైంది. మామ చెయ్యి మాత్రం చివరిదాకా నాగలి పట్టింది. ఇద్దరి రహస్యాలూ నా కడుపులోనే ఉండిపోయాయి. మామ పోయాక తుపాకిని ఠాణాలో అప్పగించాం. అత్తమ్మ గిన్నెను శుభ్రంగా తోమి చాయ్‌పత్తా డబ్బాలో వేసుకుంది, మైనం తియ్యకుండానే.

కొవ్వొత్తి వెతికి నేను మళ్ళీ అడుగున చుక్కలు పోస్తుంటే, కోడలు వింతగా చూసింది.

"గింత తిప్పలెందుకత్తమ్మా, జర తక్కువేస్తే అయిపోదా?"

అయిపోతుంది. అయినా మైనం గట్టిపడేదాకా గిన్నెను అరచేతిలో పెట్టుకుని కూచున్నాను. వాళ్ళిద్దరి మీదా బెంగ పుట్టుకొచ్చింది. కాలం ఆ ఇద్దరినీ తీసుకుపోయింది గాని, ఒకరి కోసం ఒకరు తగ్గించుకున్న ఆ కొలతను ఇన్నేళ్ళూ మా వంటింట్లోనే వదిలేసింది.