కాలు కాలినా తెలియలేదు

ఆ ఆదివారం మావారు నన్ను బండి మీద ఆత్రేయపురం తీసుకెళ్తున్నారు. తొంభైలు అయిపోవస్తున్న రోజులు. అమలాపురంలో మాది ఉమ్మడి కుటుంబం. మొగుడూ పెళ్ళాం నాలుగు మాటలు మాట్లాడుకోవాలంటే బండెక్కి ఎటో పోవాల్సిందే. పూతరేకులన్నది ఒక వంక.

కొత్తపేట దాటాక కొబ్బరి బొండాల దగ్గర ఆగాం. రాత్రి వాన పడి రోడ్డు పక్కంతా బురద. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, బండికి ఆనుకుని నీళ్ళు తాగుతున్నాను.

"అమ్మగారండీ, కాలండీ! సైలెన్సర్‌కి అంటుకుపోయిందండీ బాబూ!" అని బొండాలాయన కత్తి పడేసి అరిచాడు.

చూసుకుంటే పిక్క మీద చర్మం ఊడి వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు. మావారు కంగారుగా నీళ్ళు పోస్తుంటే, "ఎందుకండీ ఆ హడావిడి, నాకేం కాలేదు" అని నవ్వాను కూడా. ఆయన నవ్వలేదు. "దుర్గా, ఇంత కాలితే ఏడవాలే నువ్వు" అన్నారు.

ఆ చోట చాన్నాళ్ళుగా పాలిపోయిన మచ్చ ఒకటి ఉంది. శోభి అనుకుని పసుపు రాసేదాన్ని. ఆ రోజు పూతరేకులు కొనకుండానే వెనక్కి తిరిగాం.

కట్టు కట్టిన డాక్టరు ఆ మచ్చ చూసి కాకినాడలో స్కిన్ డాక్టరుగారి దగ్గరికి పంపారు. ఆవిడ పెద్దావిడ. "కళ్ళు మూసుకో అమ్మా. దూది తగిలిన చోటల్లా వేలు పెట్టి చూపించు" అన్నారు. చేతి మీద చూపించాను, మెడ మీద చూపించాను. కాలి దగ్గరికి ఎంతకీ రారేమిటా అని ఎదురుచూసి, ఉండబట్టలేక కళ్ళు తెరిచాను. దూది అప్పటికే మచ్చ మీద ఉంది.

మోచేతి వెనక నరం నొక్కి చూశారు. చెవి తమ్మెకి చిన్న గాటు పెట్టి స్మియర్ తీయించారు. రిపోర్టు వచ్చాక, "లెప్రసీ అమ్మా. ఇప్పుడు హ్యాన్సెన్స్ అంటున్నాం" అన్నారు. రెండు పేర్లూ ఎందుకు, దానికి తెలుగు మాట నాకు తెలుసు. ఏడుస్తుంటే గడ్డం పట్టుకుని చెప్పారు. "ఏడాది ఎం.డి.టి. మందు వాడితే పోతుంది. డబ్బులక్కర్లేదు. మందు మొదలయ్యాక నీ నుంచి ఎవరికీ అంటదు. వండు, వడ్డించు, అందరితో కలిసి తిను. ఇంట్లోవాళ్ళందరినీ ఒకసారి చూపించుకోమను."

ఆ మాట ఇంటికొచ్చి నేనే చెప్పాను. మా బావగారి భార్య, నా తోడికోడలు, నేను అక్కయ్యా అని పిలిచే మనిషి, చూపించుకోవడానికి రాలేదు. మర్నాటికి మేకుతో గీత గీసిన స్టీలు గ్లాసు ఒకటి నా కోసం విడిగా పెట్టింది. నీళ్ళు పైనుంచి పోసేది. ఆ ఏడు ఆవకాయ అంతకుముందే నేను కలిపిపెట్టాను. జాడీతో సహా కొబ్బరిచెట్టు మొదట్లో గొయ్యి తీయించి పూడ్పించింది.

"ఏమనుకోకు దుర్గా, పిల్లలున్న ఇల్లు కదా. నీ మీద నాకేం లేదమ్మా, ఆయ్" అంది. మా సీమలో గొంతు కోసినా మర్యాదగానే కోస్తారు.

ఆవిణ్ణి ఆ రోజు క్షమించలేదు. ఈ రోజుకీ క్షమించలేదు. ఇది చదివేవాళ్ళు నా నుంచి ఆ మాట ఆశించకండి.

మావారు ఆ వారంలోనే పక్క వీధిలో రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. వచ్చేటప్పుడు ఆ గీత గ్లాసు నేను సంచిలో వేసుకున్నాను.

నెలకోసారి ఆసుపత్రిలో సిస్టర్ ఎదురుగా మాత్రలు మింగాలి, మిగతావి అట్ట చూసుకుంటూ ఇంట్లో. మొదటి రోజు మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని కేక పెట్టాను. అది క్యాప్సూల్ రంగట. కొన్నాళ్ళకి ఆ మందుకే ఒళ్ళంతా నల్లబడింది. "ఏమ్మా, ఎండలో తిరుగుతున్నావా?" అని వీధిలో ప్రతి ఒక్కరూ అడిగేవారు. మానేద్దామనిపించేది. నేను మానేసి వంకర వేళ్ళతో తిరిగితే గెలిచేది అక్కయ్యే కదా! ఆవిడ ముందు బాగుపడి నిలబడాలి. ఆ కసితోనే మింగేదాన్ని. డాక్టరుగారికి చెబితే, "కసో, భక్తో, మందు మాత్రం మానకు" అని నవ్వారు.

కోర్సు సగంలో కుడి మోచేతిలో పోటు మొదలైంది. చిటికెన వేలు, ఉంగరం వేలు ముడుచుకుపోయాయి. ముద్ద కలిపితే జారిపోయేది. అంత మందు మింగినా ఇలాగే అయిందే అని కుమిలిపోయాను.

"ఇది రియాక్షన్. నరం వాచింది. మందు పనిచేయక కాదు" అన్నారు డాక్టరుగారు. "స్టెరాయిడ్స్ ఇస్తాను. వెంటనే వచ్చావు కాబట్టి వేళ్ళు దక్కుతాయి. కానీ ఎక్సర్‌సైజులు నువ్వే చెయ్యాలి, నేను చెయ్యలేను."

నూనె రాసి తొడ మీద వేళ్ళు సాగదీయడం. రోజూ అదే. విసుగొచ్చి ఓ ఆదివారం, "ఆత్రేయపురం పోదామండీ, ఆ రోజు సగంలో తిరిగొచ్చాం" అన్నాను. ఈసారి బండికి ఆనుకోలేదు. అక్కడ ఒకావిడ గుమ్మంలో మడవని ఉత్త రేకులు అమ్ముతోంది. ముట్టుకుంటే చిరిగేంత పల్చన. "తడిగుడ్డ కప్పి, మెత్తబడ్డాక మడవాలమ్మా. వేళ్ళన్నీ ఒకేలా పనిచెయ్యాలి" అంది. నాకు కావలసింది అదే.

కట్ట తెచ్చుకుని మొదలుపెట్టాను. నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి మడవబోతే ఆ రెండు వేళ్ళు తగిలి చిరిగిపోయేవి. చిరిగినవన్నీ తిని మావారు లావెక్కారు. ఆదివారం వస్తే మళ్ళీ బండి, మళ్ళీ రేకులు. నెలలు పోయాక ఓ సాయంత్రం ఒక్కటి కూడా చిరగలేదు. కోర్సు అయ్యాక డాక్టరుగారు కార్డు మీద రాసి, "క్యూర్డ్ అమ్మా, ఇంక రాకు" అన్నారు.

కొన్నాళ్ళకి అక్కయ్య కూతురి నిశ్చితార్థం. మా ఆయనకి కబురు చేసింది: "అబ్బాయ్, ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు పట్రా. వియ్యాలవారికి పెట్టాలి." రేకులు ఆయన తెచ్చారు. మడిచింది నేను.

ఫలహారాల దగ్గర అక్కయ్య వియ్యపురాలితో, "మా మరిది బండి మీద వెళ్ళి తెచ్చేడండీ. ఆత్రేయపురం చెయ్యే వేరండీ" అంటూ తనూ ఒకటి తింది. ఇంకొకటి నోట్లో పెట్టుకునేదాకా ఆగాను.

"రేకులు ఆత్రేయపురంవే అక్కయ్యా. చెయ్యి మాత్రం నాది" అని కుడి చెయ్యి ఆవిడ కళ్ళ ముందు చాపాను. "ఒక్కోటీ ఈ వేళ్ళతోనే మడిచాను."

అక్కయ్య దవడ ఆగిపోయింది. వియ్యపురాలు నా చెయ్యి పట్టుకుని, "ఎంత బాగా మడిచేరమ్మా!" అంది. ఆవిడ ముందు ఉమ్మడం కుదరదు కదా. అక్కయ్య మింగింది. ఆ మింగుడు చూడడానికే నేను ఏడాది మాత్రలు మింగాను.

ఇప్పుడు బాగున్నాను. పిక్క మీద స్పర్శ రాలేదు. రోజూ పడుకునే ముందు కాలు చూసుకుంటాను. ఆ ఇంట్లో ఏ శుభకార్యమైనా వియ్యపురాలు నా పూతరేకులే అడుగుతుంది, అక్కయ్య స్వయంగా వచ్చి చెప్పాల్సి వస్తుంది. ఆవిడ చూస్తుండగా పంచదార కొలుస్తాను, ఆ గీత గ్లాసుతోనే.

మీలో ఎవరైనా ఈ మందు వాడుతుంటే నేను చెప్పేది ఒక్కటే. ఒళ్ళు నల్లబడినా, వేళ్ళు ముడుచుకున్నా, ఆఖరి మాత్ర దాకా మానకండి. దేవుణ్ణి తలుచుకుని మింగండి, లేకపోతే నాలాగా ఎవరినో తిట్టుకుంటూ మింగండి. అది పనిచేస్తుంది.