నెపం పీత మీద

2022 వానాకాలం. అమలాపురంలో ఒక పిల్లల ఆసుపత్రిలో నేను వార్డు నర్సుని. అంతర్వేది వైపు నుంచి, చేపల వేటకెళ్ళే సత్యంగారు వచ్చారు. కూతురు పురిట్లో ఉండటంతో నాలుగేళ్ళ మనవరాలు మేఘనను తనే ఎత్తుకొచ్చారు. మొన్నమొన్నటి దాకా వాగుడుకాయట. ఇప్పుడు నిద్ర లేదు, మాట పడిపోయింది. మూతి అదేపనిగా ఆడుతోంది. దగ్గరికెళితే రక్కుతోంది. ఫిట్స్ కూడా వచ్చాయి.

వెంట వచ్చిన చుట్టాలు తలో మాటా అన్నారు. గారాబం ఎక్కువైందని ఒకరు, గాలి సోకిందని ఇంకొకరు. ఇలా నోటికొచ్చిన వైద్యం చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. అందరినీ బయట కూర్చోబెట్టాను.

డాక్టరుగారు వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపించారు. ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ అని తేలింది. రోగాలతో పోరాడాల్సిన మన ఒంటి రక్షణ వ్యవస్థే పొరపాటున మెదడు మీద పడటం. స్టెరాయిడ్లు, ఐవీఐజీ, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు, ఎక్కించాలి.

"మాట తిరిగొస్తాదాండీ?" అని అడిగారు సత్యంగారు.

"చాలామందికి వస్తుందండి, టైం పడుతుంది. కచ్చితంగా చెప్పలేను" అన్నారు డాక్టరుగారు.

"ఆయ్" అన్నారాయన.

క్యాన్యులా, అంటే మందు ఎక్కించే సన్నని గొట్టం, చేతికి పెడుతుంటే మేఘన తాత మణికట్టు కరిచి పట్టుకుంది. రక్తం వచ్చింది. లాక్కుంటే పాప కదిలి సూది తప్పుతుందని ఆయన చెయ్యి కదల్చలేదు.

"చెయ్యి తీసెయ్యండి బాబాయిగారూ" అన్నాను.

"పర్లేదండి. కరిసేది మా పిల్ల కాదు గదండీ, జబ్బండి. మీ పని కానివ్వండి."

ఇన్నేళ్ళ సర్వీసులో అంత నిబ్బరం నేను చూడలేదు. కట్టు కడుతుంటే నాకే కళ్ళనీళ్ళు వచ్చాయి.

మందులు పనిచేయడానికి వారాలు పట్టింది. ముందు నిద్ర వచ్చింది, తర్వాత చూపు నిలిచింది. ఒక ఉదయం జావ తాగుతూ "తాతా" అంది. సత్యంగారు గ్లాసు పక్కన పెట్టి నన్ను కేకేశారు.

కొన్ని నెలలకు చెకప్‌కి వచ్చేసరికి మేఘన మళ్ళీ వాగుడుకాయ. ఈ జబ్బులో గడిచిన రోజులు చాలామందికి గుర్తుండవు. తాత చేతి మీద మచ్చ తడిమి, "ఇదేంటి తాతా?" అంది. కూడా వచ్చిన పెద్దమ్మ నవ్వుతూ చెప్పబోయింది. ఆయన కళ్ళతోనే ఆపేశారు.

"పీత పట్టేసిందమ్మా, వల దులుపుతుంటే."

"మరి కొట్టేవా దాన్ని?"

"ఎందుకు కొడతానే? దానికేం తెలుసు, పాపం."

ఇప్పుడు ఇలాంటి పిల్లల్ని ఇంటికి పంపేటప్పుడు మందుల సంగతితో పాటు పెద్దవాళ్ళకి ఒకటి చెప్తాను. జబ్బులో ఏం చేసిందో ఆ పిల్లకి చెప్పి నవ్వకండి అని. ఆ మాట సత్యంగారి దగ్గర నేర్చుకున్నదే.