ఏడుకొండలు గారి ఐసు

మా చిన్నప్పుడు... ఎండాకాలమైనా మా ఇంట్లో అందరి చేతులూ చల్లగానే ఉండేవి. నాన్నది బందరులో ఐసు డిపో. చేపల మార్కెట్టుకు వెళ్ళే దారిలో ఒక రేకుల షెడ్డు. ఫ్యాక్టరీ నుంచి రిక్షాలో వచ్చిన ఐసు దిమ్మల్ని వరి ఊకలో పూడ్చి, పైన గోనెసంచులు కప్పేవారు. సెలవుల్లో ఊక జారిపోయిన చోటల్లా మళ్ళీ ఎగదోయడం నా పని...

మా షెడ్డుకు ఆనుకునే సత్యం మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్. వెనక భాగంలో వాళ్ళ ఇల్లు. పరీక్షలప్పుడు నాకు ఇంగ్లీషు చెప్పింది ఆయనే. ఒక్కతే కూతురు, విజయక్క. పెళ్ళయి బిలాస్‌పూర్‌లో ఉండేది.

నాన్న దగ్గర ఐసు తీసుకునేవాళ్ళలో ముఖ్యులు ఏడుకొండలు గారు. గిలకలదిండి రేవులో పడవల దగ్గర వేలంలో చేపలు పాడుకుని బెజవాడ పంపేవారు. డిపో తెరిచిన రోజు మొదటి దిమ్మ తీసుకున్నదీ ఆయనే. నన్ను "కోడలా" అని పిలిచేవారు. మంచి పీతలు దొరికితే మా ఇంటికి పంపకుండా ఉండేవారు కాదు.

ఆ ఏడు రోహిణి కార్తెలో గాలివాన వచ్చి కరెంటు స్తంభాలు పడిపోయాయి. రెండు రోజులుగా ఐసు ఫ్యాక్టరీ నడవలేదు. ఊళ్ళో ఎక్కడా ఐసు లేదు... మా ఊకలో మాత్రం పన్నెండు దిమ్మలు మిగిలాయి. అవి ఏడుకొండలు గారివి. పెద్ద సరుకు వస్తుందని ముందే చెప్పి ఉంచారు. నాన్న సరేనన్నారు.

ఆ రోజు పొద్దున్న సత్యం మాస్టారు పాఠం చెబుతూ చెబుతూనే ఒరిగిపోయారు. డాక్టరు వచ్చేసరికే ప్రాణం పోయింది. ఎస్టీడీ బూత్ నుంచి విజయక్కకు ఫోను చేశారు. రేపు సాయంత్రానికి గానీ రాలేనని, వాళ్ళ నాన్నను తను చూడకుండా మాత్రం తీసుకెళ్ళొద్దని ఏడ్చిందట.

కాసేపటికి మాస్టారి భార్య రాజ్యం గారు మా షెడ్డు దగ్గరకు వచ్చి నిలబడ్డారు.

"ఖాదర్ గారూ... పిల్ల వచ్చేదాకా ఆయన్ని ఉంచాలండీ. ఈ ఎండలో ఎట్లా ఉంచను?"

నాన్న ఊక కుప్ప వంక చూశారు.

"అవి ఏడుకొండలు అన్నయ్యవి కదండీ," అంది అమ్మ మెల్లిగా.

"తెలుసు," అన్నారు నాన్న. అని, సంచులు తీశారు.

సగం మాస్టారింటికి చేర్చి, సగం ఉంచారు. గిలకలదిండికి కబురు పంపారు గానీ, అది అందేసరికి అక్కడ పాట అయిపోయింది. ఒంటిగంటకు ఏడుకొండలు గారు చేపల వ్యానులోనే మా దగ్గరికి వచ్చారు. నాన్న ఏదీ దాచకుండా చెప్పి, మిగిలిన ఆరు దిమ్మలూ తీసుకెళ్ళమన్నారు.

ఆయన అరవలేదు. పక్కింటి ముందు చేరిన జనం వైపు చూశారు.

"సగం ఐసుతో నా సరుకు ఉయ్యూరు కూడా దాటదు ఖాదర్ గారూ. అవి కూడా ఆవిడకే ఇచ్చేయండి."

వ్యాను తిప్పుకుని వెళ్ళిపోయారు. వచ్చినకాడికి కొంత అమ్ముకున్నారట. మిగతాదంతా గొయ్యి తీసి పూడ్చారని తర్వాత తెలిసింది...

మర్నాడు సాయంత్రం విజయక్క వచ్చింది. మాస్టారి ముఖం మీద చెయ్యి వేసి, "ఎంత చల్లగా ఉన్నారు నాన్నా," అంది. అంతకు ముందు ఎన్ని వందల దిమ్మలు ముట్టుకున్నానో... ఆ మాట విన్నాక మాత్రం చాలా రోజులు ఐసు ముట్టబుద్ధి కాలేదు. మాస్టారి పాడె వెనక నడిచిన వాళ్ళలో ఏడుకొండలు గారు కూడా ఉన్నారు. మా వైపు చూడలేదు.

ఆ తర్వాత ఆయన మా డిపోకు రాలేదు. పది రోజులు చూసి, నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని నాన్నే వాళ్ళింటికి వెళ్ళారు. ఆయన కుర్చీ వేశారు, టీ తెప్పించారు.

"మీరు చేసింది తప్పని నేననను. మీ చోట్లో నేనున్నా అదే చేద్దును. కానీ రేపు ఇంకెవరికో అవసరం వస్తది. మీరు మళ్ళీ ఇచ్చేస్తారు. మిమ్మల్ని నమ్ముకుని నేను పాట ఎట్లా పాడేదండీ?"

నాన్న టీ తాగి లేచారు. ఇంటిదాకా సైకిలు నడిపించుకుంటూనే వచ్చారు, నేను వెనక కూర్చునే ఉన్నాను...

చిన్న ఊరు కదా. మార్కెట్లో, బస్టాండులో, పెళ్ళిళ్ళలో ఇద్దరూ ఎదురుపడుతూనే ఉండేవారు. బాగున్నారా అంటే బాగున్నారా అనుకునేవారు. అంతే. ఆయన తర్వాత ఒక్కొక్కరుగా మిగతా చేపల వాళ్ళు కూడా తగ్గిపోయారు. రెండేళ్ళకు డిపో మూసేసి విజయవాడ వచ్చేశాం. నాన్న ఆటోనగర్‌లో ఒక స్పేర్‌పార్టుల షాపులో కౌంటరు దగ్గర పనికి కుదిరారు.

పెద్దయ్యాక ఒకసారి అడిగాను, ఆ రోజు చేసింది తప్పనిపిస్తుందా అని. "ఆ రోజు ఇద్దరికీ సరిపోయేంత ఐసు లేదమ్మా," అన్నారు. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు. ఆయన పోయి నాలుగేళ్ళయింది.

ఇప్పుడు గవర్నరుపేటలో నాదొక మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు గుడ్డలు, ఫాల్స్, లైనింగులు... సగం ఆర్డర్లు ఫోన్లోనే వస్తాయి. మొన్న ఒకావిడ రంగు తేడా వచ్చిందని రేటింగులో ఒకే ఒక్క స్టారు ఇచ్చింది. మార్చి ఇస్తానని మెసేజీ పెడితే చూసి ఊరుకుంది. ఎవరో తెలియదు, ఏ వీధో తెలియదు. క్షమించమని అడగడానికి వెళ్దామన్నా... ఎక్కడికి వెళ్ళను?

అలసట పని వల్ల కాదేమో అనిపిస్తుంది ఒక్కోసారి. రోజంతా ఇంతమందితో వ్యాపారం చేస్తాను, మనసు నొచ్చుకున్న మనిషి ముఖం ఒక్కటీ కనపడదు.

మీ ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరు ఇలా ఒకరికిచ్చిన మాట తప్పి ఇంకొకరిని ఆదుకునే ఉంటారు. వాళ్ళ గురించి నాలుగు ముక్కలు రాయండి. ఎవరిది తప్పో తేల్చకపోయినా పర్వాలేదు...