బీట్‌రూట్ ఎరుపు, నెత్తుటి ఎరుపు

అంచెట్టి పక్క మెట్టపల్లెలో బీట్‌రూట్ పీకే వారం ఊరు ఊరంతా ఎర్రగా మూత్రం పోస్తుంది. పీకిన మొదటి గడ్డను తొడకు తుడుచుకుని పచ్చిగానే కొరకడం అక్కడి రివాజు. ఆ ఎరుపు చూసి ఎవరూ బెదరరు. కూలికి వచ్చిన కొత్తవాడెవడైనా బెదిరితే ఏడాది పొడుగునా వాణ్ణి ఏడిపిస్తారు. సుబ్బరాయప్ప అరవై ఒక్కేళ్లుగా ఆ ఊళ్లోనే ఉన్నాడు. అందుకే తన ఎరుపును రెండు నెలల పాటు బీట్‌రూట్ మీదికి తోసేశాడు.

కనిపెట్టింది భార్య పిల్లమ్మ.

"ఏమయ్యా, గడ్డలు పీకి రెండు నెలలాయె. ఇంగా యాడిది ఎరుపు?"

"పోయిన పంటది మిగిలుంటుంది లే."

"అది కడుపనుకున్నావా, గాదె అనుకున్నావా?"

మర్నాడే బస్సెక్కించింది. హోసూరు ఆసుపత్రిలో గొట్టం పెట్టి చూశారు. మూత్రసంచిలో చిన్న కాలీఫ్లవర్ పువ్వు లాంటి గడ్డ. క్యాన్సరే అన్నారు. నలభై ఏళ్ల బీడీలు చేసిన పని కావచ్చన్నారు. లోతుకు దిగలేదు కాబట్టి గీకి తీసేశారు. మళ్లీ మొలవకుండా వారానికొకసారి, ఆరు వారాలు, సంచిలోకి మందు ఎక్కించాలి. పసిబిడ్డల చేతికి వేసే క్షయ టీకా మందే అది. మళ్లీ మొలిచి లోతుకు పోతే సంచినే తీసేయాల్సి రావచ్చని, అప్పుడు పొట్ట మీద బయట ఇంకో సంచి కట్టుకు తిరగాలని డాక్టరు సుగంధి చెప్పింది. సుబ్బరాయప్ప కృష్ణగిరి పక్క పోచంపల్లి సంతలో తెల్లపంచెతో నిలబడి బేరమాడే మనిషి. చావు కంటే ఆ సంచికే ఎక్కువ భయపడ్డాడు.

మూడో వారం మందుకు చలిజ్వరం, నిప్పు పోసినట్టు మంట. ఆ ఆదివారమే మేనల్లుడు రఘునాథ్ వచ్చాడు. పదితో చదువు ఆగిపోయినవాడు, హోసూరు ఫ్యాక్టరీలో బోల్టులు కొలిచే పనిలో ఉన్నాడు. దొరికిందల్లా చదువుతాడు. చదువుకున్నవాళ్లు తనలాంటివాళ్లకు చెప్పకుండా దాచేది ఏదో ఉందని వాడి అనుమానం.

"మామా, మన ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ అని ఒక గాలి పుడుతుందంట. క్యాన్సర్ కణాల్ని చంపుతుందంట. ఆ గాలి పుట్టేకి ఏం తినాలో తెలుసా? బీట్‌రూట్."

సుబ్బరాయప్ప మంచం మీద లేచి కూర్చున్నాడు. "మందు చేలో పెట్టుకోని, నేను హోసూరికి పోయి గొట్టం పెట్టించుకుంటాండానా?"

నాలుగో మందు ఎక్కించే బుధవారం ఆసుపత్రికి పోలేదు. పూటకొక చెంబు రసం తాగాడు. శుక్రవారం పొద్దున మూత్రం చిక్కటి ఎరుపు. పిల్లమ్మ గడప దగ్గర నిలబడి అడిగింది.

"ఇది ఆ ఎరుపా, ఈ ఎరుపా?"

అతనికి తెలియలేదు. బుద్ధెరిగాక మొదటిసారి ఆ రంగు చూసి బెదిరాడు. రఘునాథ్‌ను ఆసుపత్రికి రమ్మని ఫోను చేసి, పిల్లమ్మతో తొలి బస్సుకే బయలుదేరాడు.

సుగంధి చిన్న సీసాలో మూత్రం పట్టించి, పరీక్ష కాగితం ముంచి చూసింది. "నెత్తురు లేదయ్యా. ఉత్త బీట్‌రూటే. మందుకెందుకు రాలేదు?"

రఘునాథ్ తాను చదివిన వ్యాసం ఫోనులో తీసి చూపించాడు. ఆమె చదివి, "కిందికి చదివినావా?" అంది.

"కిందికి పోతే డబ్బు కట్టమన్నింది మేడమ్. మాలాంటోళ్లకు పైముక్కే ఇస్తారు."

ఆమె నవ్వలేదు. "కిందిది నేను చెప్తా, కూర్చో. ఆ గాలి చంపేది నిజం. పెంచేదీ నిజం. కొంచెం ఉంటే రక్తనాళాలు తెరుచుకుంటాయి, కొత్తవి మొలుస్తాయి, గడ్డకు తిండి అందుతుంది. ఒకేచోట బాగా ఎక్కువ పుడితేనే కణం చస్తుంది."

రఘునాథ్ ఇంకా ఆలోచిస్తుండగానే సుబ్బరాయప్ప అందుకున్నాడు. "యూరియా మాదిరి కదమ్మా. పలచగా చల్లితే కలుపు కూడా ఏపుగా పెరుగుతుంది. మొదలు దగ్గర గుప్పెడు పోస్తే మాడిపోతుంది."

"అంతే. నేను ఎక్కించే మందు మీ ఒంట్లో కావలి కణాలకు కోపం తెప్పిస్తుంది. అవి ఆ గాలిని, ఇంకా చాలా ఆయుధాల్ని కలుపు మొదలు దగ్గరే గుమ్మరిస్తాయి. మీ మంట, జ్వరం చాలావరకు ఆ కొట్లాటదే. మీరు తాగిన రసం మందు కాదు. కూరలో తింటే తప్పు లేదు గానీ."

"తప్పుంది," అన్నాడు సుబ్బరాయప్ప. "రంగును దాచి పెడుతుంది."

రఘునాథ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఎంత చదివినా సగమే నాకు," అన్నాడు. పిల్లమ్మ వాడి వీపు మీద ఒకటి వేసింది. "ఆ సగంతోనే మీ మామను చంపుతాంటివి కదరా. పద, కాఫీ తాగిపోదాం."

తప్పిన మందు తరువాతి వారం ఎక్కించారు. ఆరూ పూర్తయ్యాయి. మూడు నెలలకు మళ్లీ గొట్టం పెట్టి చూశారు. ఏమీ మొలవలేదు. అయినా మూడు నెలలకొకసారి రావాలి, ఏళ్ల తరబడి రావాలి అంది సుగంధి.

ఈ ఏడు గడ్డలు పీకేటప్పుడు మారెమ్మ అనే కూలిమనిషి మంచి గడ్డ ఒకటి తుడిచి అతని చేతిలో పెట్టబోయింది. సుబ్బరాయప్ప తీసుకోలేదు. పీకడం అయిపోయి వారం తిరిగాక దారినపోయే మొగవాళ్లను ఒక్కొక్కరినే ఆపి అడగడం మొదలుపెట్టాడు.

"ఏమప్పా, నీది తేటయిందా?"

అందరూ నవ్వుకుంటూ పోయారు. ఎదురింటి ఆదిశేషయ్య మాత్రం నవ్వలేదు. బీడీ పారేసి దగ్గరికి వచ్చి, "కాలేదు," అన్నాడు మెల్లగా.

"రేపు తొలి బస్సుకి పోదాం," అన్నాడు సుబ్బరాయప్ప. "నేను కూడా వస్తా."