గడ్డి పీకడానికి అంటార్కిటికా దాకా

నేను అంటార్కిటికా వెళ్తున్నానంటే మలేసియా రేవు ఊరు పోర్ట్ క్లాంగ్‌లోని మా వీధిలో ఎవరూ నమ్మలేదు. అందుకే బయలుదేరే రోజు మధ్యాహ్నం, మండుటెండలో, యాత్ర కోసం నాకిచ్చిన ఎర్ర చలికోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాను. పక్కింటి లిమ్ ఆంటీ ఫోటోలు తీసింది. ఎదురింటివాళ్ళు గేటు దగ్గరికొచ్చి మరీ చూశారు. చెమటతో తడిసి ముద్దయ్యాను గానీ, నాకు భలే గొప్పగా ఉంది.

అమ్మకు ఆ చూపులు నచ్చలేదు. అసలు ఈ ప్రయాణమే ఆవిడకు ఇష్టం లేదు, వెళ్ళొద్దని ఏడ్చింది కూడా. గుప్పిట్లో ఉప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు పట్టుకొచ్చింది.

"ఊరి కళ్ళన్నీ నీ మీదే ఉన్నాయి. కదలకే."

"రైలు టైమైపోతాది లా అమ్మా!"

మలేసియాలో మాట చివర తగిలించే 'లా' తగిలించి మరీ బతిమాలాను. నా మాట వింటే కదా! నా తల చుట్టూ మూడుసార్లు తిప్పి దిష్టి తీశాకే వదిలింది. నేను కోటు విప్పి, మడిచి, సంచిలో కుక్కి పరుగెత్తాను.

ఇంతకీ పనేమిటంటే, నేను కౌలాలంపూర్‌లో మొక్కల మీద పరిశోధన చేస్తాను. అంటార్కిటికా అంచున ఉన్న ఒక చిన్న దీవికి ఎవరి బూట్లకో అంటుకుని బయటి గడ్డి ఒకటి చేరింది. పాత గుడిసె పక్కన పాతుకుపోయింది. అది గింజ రాల్చేలోపు, అక్కడి చిన్న వేసవిలోనే వేళ్ళతో సహా తీసేయాలి. ఆలస్యమైతే అక్కడి నాచునంతా కమ్మేస్తుంది. మలేసియా నుంచి ఆ పనికి ఇద్దరం: నేను, నాతో పనిచేసే ఫరీదా.

మధ్యాహ్నం మూడింటి కొమ్యూటర్ రైల్లో సెంట్రల్ స్టేషన్‌కు, అక్కడి నుంచి విమానాశ్రయానికి. దోహాలో ఒక విమానం, సావో పాలోలో ఇంకొకటి, సాంటియాగోలో మరొకటి మారి చిలీ దక్షిణ కొసనున్న పుంటా అరేనాస్ చేరేసరికి ఏ పూట ఏం తింటున్నామో కూడా తెలియలేదు. వెళ్ళేవాళ్ళకు ఒక సలహా: ఉన్ని మేజోళ్ళు చేతిసంచిలోనే పెట్టుకోండి. నా పెద్ద సంచి ఒకరోజు ఆలస్యంగా దిగింది. ఆ రోజంతా గాలికి కాళ్ళు కొయ్యబారిపోయాయి.

ఓడెక్కాక సముద్రం నన్ను ఒక ఆట ఆడించింది. ఓడలోని వంటాయన అల్లం టీ ఇచ్చి, "కూర్చోవద్దు, పడుకో" అన్నాడు. పడుకున్నా ఒరిగిందేమీ లేదు. ఫరీదా మాత్రం హాయిగా నూడుల్స్ తింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

దీవి కనిపించిన ఉదయం అందరి బట్టలూ తనిఖీ చేశారు. బయటి గింజ ఒక్కటి కూడా నేల మీద పడకూడదన్నది అక్కడి నియమం. తనిఖీ చేసే మార్తా అనే చిలీ ఆవిడ నా కోటు టోపీ మడత విప్పి, పట్టకారుతో నల్లటి గింజలు ఒక్కొక్కటే తీసి తెల్ల పళ్ళెంలో పెట్టింది.

"ఇవేమిటి?"

చూడగానే గుర్తుపట్టాను. ఆవాలు! బయటి గడ్డిని ఏరేయడానికి వచ్చినదాన్ని, నేనే బయటి గింజలు మోసుకొచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను. దిష్టి అంటే ఏమిటో వచ్చీరాని స్పానిష్‌లో చెప్పబోయి, మాట దొరక్క చేతులు తిప్పి చూపించాను. మార్తా నవ్వలేదు.

"కోటు ఓడలోనే ఉంటుంది. మిగతా సామానంతా మళ్ళీ వెతకండి. ఇంకొక్క గింజ దొరికినా మీరు దిగరు."

దీవికి తీసుకెళ్ళే పడవ భోజనాల తరువాత వెళ్ళిపోతుంది. ఫరీదా ఒక్కదాని వల్ల ఆ పని కాదు. గడ్డి అప్పటికే పూతకొచ్చిందని దీవి మీద ముందే దిగినవాళ్ళు కబురు పంపారు. ఇద్దరం గది తలుపేసుకుని మేజోళ్ళు తిరగేశాం, కుట్లలో టార్చి వేసి చూశాం. సంచి మూలన ఎర్రటి ఎండుమిరప ముక్క ఒకటి కనిపించింది.

"ఆలమాక్!" అంది ఫరీదా, మలయ్‌లో అయ్యబాబోయ్ అన్నట్టు.

మార్తా దాన్ని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూసింది. "తొక్క మాత్రమే. గింజ లేదు," అని అప్పుడు నవ్వింది. "మా అమ్మమ్మ కూడా ఉప్పుతో తీసేది."

వంటాయన కోటు అరువు తెచ్చుకుని దిగాను. దాని చేతులు నా మోకాళ్ళ దాకా వేలాడాయి. ఉల్లిపాయల వాసన ఒకటి! అయినా ఆ రాళ్ళ మీద కాలు పెట్టినప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఆ తరువాత రోజూ అదే పని. మోకాళ్ళ మీద కూర్చోవడం, చిన్న ముల్లుగరిటెతో వేరు కదపడం, మట్టి జల్లించి సంచుల్లో మూటకట్టడం. పెంగ్విన్లు వచ్చి మా పని చూసి, నచ్చనట్టు వెళ్ళిపోయేవి. గుడిసెలో వేడి నూడుల్స్, సీసాలోని సంబల్ మిరపపచ్చడి. చీకటి పడేది కాదు గనుక, నడుము పట్టేసినప్పుడే పని ఆపేవాళ్ళం. అంత ప్రశాంతంగా నేనెప్పుడూ లేను. ఓడ తిరిగి వచ్చేనాటికి గుడిసె పక్కన ఒక్క పచ్చటి పోచ కూడా కనిపించలేదు.

వచ్చిన దారినే తిరుగు ప్రయాణం. అమ్మ విమానాశ్రయానికి వచ్చింది. పొద్దున్న తొమ్మిదింటికి పోర్ట్ క్లాంగ్ రైల్లో కూర్చున్నాం.

"అంత దూరమెల్లి ఏటి సేసినావే?"

"గడ్డి పీకినానమ్మా."

అమ్మ పకపకా నవ్వింది. "మీ అమ్మమ్మ సుంగై సిపుట్ రబ్బరు తోటలో గడ్డి పీకి నన్ను పెంచినాది. నిన్ను ఇంత సదివిస్తే, ఓడెక్కెల్లి నువ్వూ గడ్డే పీకినావా!"

అప్పుడు ఆవాల సంగతి చెప్పాను. అమ్మ నవ్వు ఆగిపోయింది.

"అయ్యయ్యో! ఆడ నేల మీద పడినాయేటి?"

"లేదు లా. ఓడలోనే పట్టేసినారు."

అమ్మ ఊపిరి పీల్చుకుంది. రైలు షా ఆలం స్టేషన్ దాటింది. కిటికీలోంచి రైలు పట్టాల పక్కన ఏపుగా ఎదిగిన పచ్చదనం చూస్తుంటే, నాచు తప్ప ఏమీ పెరగని ఆ రాళ్ళ మీద నాకెంత ప్రేమ పుట్టిందో తెలిసింది. ఈ యాత్రలో నాకు దక్కింది అదే.

"మరి ఆ గడ్డి పూర్తిగా పోయినాదా?" అని అమ్మ మళ్ళీ అడిగింది.

"పోయినాదనే అనుకుంటన్నాను."

వెళ్ళొద్దని ఏడ్చిన మనిషి, నా చెయ్యి పట్టుకుని గట్టిగా చెప్పింది.

"గడ్డిని నమ్మకు. పైయేడు నువ్వే ఎల్లి సూసుకో."