గ్లాసెడు కాలవనీళ్లు

"అమ్మమ్మా, మా కాలేజీలో ఇంక మార్కులు లేవంట. పని బాగుంటే తీసుకుంటారంట, లేకుంటే మళ్లీ చేసుకురమ్మంటారంట, ఉద్యోగంలో మాదిరి" అని నిన్న మా మనవరాలు కొత్త లోకం కనిపెట్టినట్టు చెప్పింది. నాకు నవ్వాగలేదు. అరవైల్లో కావలి కాలేజీలో మా కెమిస్ట్రీ సారు చేసింది అదే కదమ్మా అన్నా.

యూనివర్సిటీ పరీక్షల సంగతి వేరు. ఆయన ల్యాబులో మాత్రం మార్కులుండవు. మాచేత కాలవనీళ్లు తెప్పించి, పటికతో తేర్పించి, బ్లీచింగు పొడి కలిపించేవారు. ఆ నీళ్లు వెలుతురుకు పెట్టి, వాసన చూసి, క్లోరిన్ చూసే రంగుమందు చుక్కేసి, బాగుంటే మా ముందే గటగటా తాగేవారు. లేకుంటే కిటికీ బయట పారబోసి "మళ్లీ" అనేవారు, అంతే. కోపం లేదు, తిట్టు లేదు. "పేపర్లో తప్పు రాస్తే మీకు మార్కు పోతుంది. నీళ్లట్యాంకు దగ్గర తప్పు చేస్తే ఊరంతా వాంతులూ బేదులూ" అనేవారు. అంత గొప్ప సారును నేను మళ్లీ చూడలేదు.

మా నాయన బోగోలులో మిషను బడి అయ్యవారు. మార్కులంటే ప్రాణం. "మార్కుల్లేని చదువేందమ్మే? మీ సారునే అడుగుతా. మార్కులు చూపిస్తే సరి, లేకుంటే మాన్పించేస్తా" అని క్రిస్మస్ సెలవులు అయిపోతానే నా వెంట కావలికి వచ్చినాడు. అన్నంత పనీ చేసే మనిషి.

సారు మర్యాదగా కుర్చీ వేయించి, నేను అప్పుడే మందు కలిపిన నీళ్లు గ్లాసులో పోసి నాయనకిచ్చినారు. "మీ అమ్మాయి చేసినవి, తీసుకోండి అయ్యవారూ." ఎండనబడి వచ్చిన నాయన గ్లాసెత్తినాడు. మందు కలిపినాక క్రిములు చచ్చేదానికి అరగంట ఆగాల. ఇంకా కాలేదు. ఆ మాటంటే నాకు పని చేతకాలేదనుకుంటాడు, చదువు అక్కడితో సరి. అనకుంటే ఆ నీళ్లు మా నాయన గొంతులోకి పోతాయి. సారు చెయ్యి గ్లాసు పక్కనే కాచుకోని ఉందని నేను చూసుకోలేదు.

"తాగొద్దు నాయనా, ఇంకా కాలేదు" అని గ్లాసు లాక్కున్నా.

నాయన ముఖం నల్లబడింది. సారు మాత్రం నవ్వినారు. "మార్కులు అడగను వచ్చినారు గదా అయ్యవారూ. మీకు కూడా జంకకుండా ఇంకా కాలేదనింది చూసినారా, అదే మార్కు. ఈ అమ్మాయికి ఊరి నీళ్లు అప్పజెప్పొచ్చు."

నాయన అరగంట అట్టే కూర్చుని, "ఇప్పుడియ్యమ్మా" అని అడిగి తాగినాడు. మాన్పించే మాట మళ్లీ ఎత్తలేదు.

నేను మునిసిపాలిటీ నీళ్ల ల్యాబులో చేరి రిటైరయ్యేదాకా, నీళ్లు వదలండి వదలండి అని తొందరపెట్టిన ఆఫీసర్లు ఎంతమందో. వాళ్లూ పోయినారు, సారూ పోయినారు, నాయనా పోయినాడు. మందు పనిచేసేదానికి పట్టే అరగంట మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే.