చప్పుడు లేదని పంపిన బండి

ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చేతకాదు. షెడ్డులో పని లేకపోతే రోడ్డు మీదికి వచ్చి పోయే బండ్లను చూస్తూ నిలబడతాను. ఏ బండి ఎట్లా మూలుగుతుందో వింటూ, దాని రోగమేమిటో నాలో నేనే చెప్పుకుంటాను. సిద్దిపేటలో పెట్రోలు బండ్లకు, ట్రాక్టర్లకు మెకానిక్కులు చాలామంది ఉన్నారు. ఫోర్‌వీల్ పికప్పులకు మాత్రం నా షెడ్డే పేరుపడింది.

ఆ బండ్లలో గేరుబాక్సు వెనకాల ఒక ఇనుప డబ్బా ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు అంటాం. ఇంజను బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచేది అదే. నల్లరేగడిలో దిగబడినప్పుడో, చెరువు కట్ట ఎక్కేటప్పుడో లివరు వేస్తే నాలుగు చక్రాలూ లాగుతాయి. మా దగ్గర కొందరు దర్జా కోసం తారురోడ్డు మీద కూడా ఆ లివరు వేసుకుని తిరుగుతారు. మలుపు దగ్గర బండి బిగుసుకుపోయి ఎగిరెగిరి పడుతుంది. డబ్బా పోయిందని లబోదిబోమంటూ నా దగ్గరికి వస్తారు. నేను లివరు తీసి, నాలుగు చివాట్లు పెట్టి పంపిస్తాను. ఎంతటి తెల్లచొక్కావాళ్లయినా సరే, నా నోరు ఆగదు.

నిజంగా రోగం ఉన్న బండిని చెవితో పట్టుకోవాలి. రేడియో ఆపి, అద్దాలు ఎక్కించి, ఒక్కడినే నడుపుతాను. ఫోర్‌వీల్ వేసినప్పుడే మోత వస్తే లోపలి చైను వైపు చూడాలి. వేయకున్నా వస్తూ, వేగంతో పాటు పెరిగితే డబ్బా వెనక బేరింగు కావచ్చు, గేరుబాక్సూ కావచ్చు. అప్పుడు బండిని స్టాండ్ల మీదికెత్తి, చక్రాలు గాలిలో తిరుగుతుండగా, పొడుగు స్క్రూడ్రైవరు మొన డబ్బాకు ఆనించి పిడి చెవికి పెట్టుకోవాలి. ఇరవై ఏళ్లకు పైగా అదే నా పద్ధతి. విప్పకుండా చెబుతాడని ఊళ్లో అనేవాళ్లు. ఆ మాట నాకు అన్నం కంటే ఎక్కువ రుచి.

మొన్నటి వానాకాలంలో మర్కూక్ నుంచి ఒక రైతు పికప్ తెచ్చాడు. అరవై దాటిన మనిషి. అక్కడి సాగర్ రిజర్వాయరు కట్ట అవతల టమాట వేశాడు. పొద్దున కూలీ ఆడవాళ్లను బండి వెనక ఎక్కించుకుని చేనుకు పోతాడు, టమాట ట్రేలు నింపుకుని గజ్వేల్ మార్కెట్‌కు పోతాడు. వేగం యాభై దాటితే ఎక్కడో సన్నగా మోత వస్తోందని చెప్పాడు. నేను బండిని బైపాసు దాకా తోలి తెచ్చాను. లివరు వేయకుండా చూశాను, పొలం బాటలో లివరు వేసి చూశాను. నాకేమీ వినిపించలేదు. మరోసారి చూడమని ఆయన అడిగేసరికి నా తిక్క లేచింది.

"బండికేం రోగం లేదు కాకా. లొల్లి నీ చెవులల్ల ఉంది. దవాఖానకు పోయి కడిగించుకో."

పక్కన చాయ్ హోటల్లో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన కూడా నవ్వి, బండెక్కి పోయాడు.

ఎనిమిది రోజుల తర్వాత మళ్లీ వచ్చాడు. జేబులోంచి చీటీ తీసి నా చేతిలో పెట్టాడు. దవాఖాన చీటీ. నా మాట పట్టుకుని పోయి, సగం రోజు లైన్లో నిలబడి చెవులు చూపించుకున్నాడట.

"రెండు మంచిగనే ఉన్నయన్నరు మేస్త్రీ. గిప్పుడు బండి జూడు."

ఎత్తిపొడుపు ఏమీ లేదు ఆ గొంతులో. తిట్టినా బాగుండేది, నేనూ నాలుగు తిట్టి తేలికపడేవాణ్ణి. ఈ ఎనిమిది రోజులూ పన్నెండు మంది ఆడవాళ్లను ఎక్కించుకుని కట్ట ఎక్కి దిగుతూనే ఉన్నానని, నువ్వు బాగుందన్నావు కాబట్టే ధైర్యంగా తోలానని కూడా చెప్పాడు. కాయ పండి ఉంది, రెండు రోజుల కంటే బండి లేకుండా గడవదన్నాడు. తాళం ఇచ్చి బస్సుకు పోయాడు.

నేను వెంటనే బండి తీశాను. మళ్లీ అదే దారి, అదే వేగం. ఇంజను వినిపిస్తోంది, టైర్ల రొద వినిపిస్తోంది. మోత మాత్రం లేదు. దారి పొడవునా ఆ చీటీయే కళ్ల ముందు ఆడింది. ఆయన చెవులు బాగున్నాయంటే ఇక మిగిలినవి నావే. ఈ సంగతి నాకు కొత్తది కాదు, అదే సిగ్గు. ఎండాకాలంలో కుక్కరు విజిల్ వేయడం మానేసిందని మూత రబ్బరు మార్పించాను. ఫోను మోగడం లేదని కొత్త ఫోను కొన్నాను. సుత్తి దెబ్బల మధ్య, నట్లు విప్పే గాలి గన్నుల మధ్య ఇన్నేళ్లు నిలబడ్డాక సన్నటి చప్పుళ్లు ఒక్కొక్కటే నన్ను వదిలి పోతున్నాయని లోపల తెలుసు. తెలిసీ ఒప్పుకోలేదు.

షెడ్డుకు వచ్చి బండిని స్టాండ్ల మీదికెత్తాను. నాలుగు టైర్లూ ఒకే సైజు, అరుగుదలా ఒకటే. ఆయిలు దించాను. ఆయిలు బిరడాకుండే అయస్కాంతం బిళ్లకు బూడిద లాంటి ఇనుప నూగు పట్టి ఉంది, అది ఏ బండికైనా ఉంటుంది. డబ్బా నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్టు పట్టుకుని ఊపితే వెంట్రుకవాసి కదిలింది, దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. కొత్త ఆయిలు పోసి, చక్రాలు తిప్పి, స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్నాను. లావు చప్పుడొక్కటే వచ్చింది. కుడి చెవికి పెట్టాను, ఎడమ చెవికి మార్చాను. బయటికి పోయి చాయ్ చెప్పి, తాగకుండానే తిరిగొచ్చాను. గేరుబాక్సు విప్పాలా, డబ్బా విప్పాలా? ఒకటి విప్పి రోగం ఇంకోదాంట్లో ఉంటే రెండు రోజులూ అయిపోతాయి. ఏమీ లేదని మళ్లీ పంపిస్తే, కట్ట దిగుతుండగా ఆ బేరింగు పట్టేస్తే, వెనక చక్రాలు ఒక్కసారి బిగుసుకుంటాయి. బండి వెనక పన్నెండు మంది ఉంటారు. 

మధ్యాహ్నం నా భార్య సద్ది తెచ్చింది. ఇంట్లో బ్లౌజులు కుడుతుంది, బండ్ల జోలికి ఎన్నడూ రాలేదు. సద్దిగిన్నె మూత తీయకుండా అటూ ఇటూ తిరుగుతున్న నన్ను చూసి ఏమైందని అడిగింది. చెప్పేశాను. ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను.

"నాకెర్కే," అంది. "ఎండాకాలం నుంచి గట్టిగ మాట్లాడుతున్న గద. నాకు కోపం ఎక్కువైందనుకున్నవా?"

నిజంగా అట్లాగే అనుకున్నాను. 

నవ్వుతుందేమోనని బెరుకుగానే స్క్రూడ్రైవరు చేతికిచ్చాను. ఆమె కొంగు నడుముకు దోపుకుని, గోనెపట్టా మీద పడుకుని బండి కిందికి జరిగింది. తిరిగే షాఫ్టుకు కొంగు, జుట్టు దగ్గరికి రాకూడదని పదిసార్లు చెప్పాను. ఇంజను స్టార్టు చేసి, గేరు వేసి చక్రాలు నెమ్మదిగా తిరగనిచ్చి, దిగి ఆమె పక్కన వంగి కూర్చున్నాను. ముందు గేరుబాక్సుకు ఆనించమన్నాను. ఆమె కళ్లు మూసుకుంది. కుట్టుమిషను ఎక్కడ పట్టేస్తుందో చెవితోనే చెప్పే మనిషి. గేరుబాక్సులో ఏమీ లేదంది. డబ్బా ముందు భాగం, చైను ఉండేచోటు, అక్కడా లేదంది. వెనక అంచుకు ఆనించగానే ఆమె నొసలు ముడిపడ్డాయి. ఇంజను ఆపమని చెయ్యి ఊపింది.

"ఇగో, గీడ ఉంది. ఇసుక జల్లెడ పట్టినట్టు. ఓసారి వస్తుంది, ఓసారి పోతుంది."

ఆమె వేలు పెట్టిన చోటే వెనక బేరింగు ఉంటుంది. ఆ పూటే డబ్బా దించి విప్పాను. బేరింగు గుండ్లను పట్టి ఉంచే రేకు రెండుచోట్ల చిట్లి ఉంది. గుండ్ల మీద గుంటలు పడ్డాయి. ఎన్నాళ్లు ఆగేదో తెలియదు, ఎక్కువ రోజులు మాత్రం ఆగేది కాదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డాను. 

కొత్త బేరింగు వేసి, సీలు మార్చి, మరుసటి రోజు పొద్దు వాలకముందే బండి దించాను. నా భార్య కుట్టుపని పక్కన పెట్టి షెడ్డుకు వచ్చి నిలబడింది. రైతు బస్సు దిగి నేరుగా వచ్చాడు. పాత బేరింగు చూసి మొహం వెలిగింది. విప్పకుండానే ఎట్లా పట్టుకున్నావు, నీ చెవికి దండం పెట్టాలన్నాడు. ఆ మాట కోసమే ఇన్నేళ్లు బతికినవాణ్ణి. ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. ఊరుకుందామనే అనుకున్నాను కూడా, అబద్ధం ఎందుకు. కానీ రేపు ఇంకొకాయన వస్తాడు, ఆయన బండిలోనూ మనుషులు ఎక్కుతారు.

"కాకా, నాకు సన్నటి చప్పుడు ఇనవడ్తలేదు. నువ్వు మొదట తెచ్చిననాడు గూడ ఇనవడలే. దీన్ని పట్టింది నేను గాదు, ఈమె."

ఆయన మొహంలో వెలుగు ఆరిపోయింది. బేరింగును చేతిలో తిప్పి తిప్పి చూశాడు. వేలితో రేకు చీలిక తడిమాడు. కోప్పడతాడని చూశాను.

"పన్నెండు మంది ఎక్కిన్రు మేస్త్రీ," అన్నాడు. "దాంట్ల నా కోడలు గూడ ఉంది."

నేను తలొంచుకున్నాను. తప్పయిందని అన్నాను. అన్నట్టే ఉంది, పెదవులు కదిలాయి. ఆయన బేరింగును టవలు మూలకు కట్టుకుని, బండి తలుపు తెరిచి, నన్ను దాటి నా భార్య వైపు చూశాడు.

"బిడ్డా, నువ్వొచ్చి కూసో. బైపాసు దాక పోయొద్దాం. నువ్వు ఇని చెప్తే తీస్కపోత."

ఆమె నా వైపు చూసింది. పొమ్మన్నాను. ఇద్దరూ బండెక్కారు. నేను రోడ్డు అంచున నిలబడ్డాను. ఇంతకాలం బండి యజమాని నిలబడే చోటు అది. తిరిగి వచ్చేదాకా నాకు కాలు నిలవలేదు. వచ్చాక ఆమె దిగి, మంచిగనే ఉందని తల ఊపింది. ఆయన పోయొస్తానని ఆమెకు చెయ్యెత్తి మర్కూక్ దారి పట్టాడు. బండి ఎట్లుందని నన్ను అడగలేదు.